రెండో ముక్క

గాజు గ్లాసులో సగం దాకా నీళ్ళు. పైన తెల్లటి గుడ్డ. పద్మకుమారి వంటింట్లో పీట మీద కూర్చుని ఆ గుడ్డ కొస ఎత్తి చూస్తుంది, కప్పుతుంది, మళ్ళీ ఎత్తుతుంది. నీళ్ళలో రెండు తెల్లని నలుసులున్నాయి, ఒక్కొక్కటీ బియ్యపుగింజలో సగం కూడా ఉండదు, ఒకటి అడుక్కి దిగింది, రెండోది నీళ్ళ మధ్యలో నిలబడి ఉంది. పక్కగదిలో ఆమె భర్త శివశంకర్ పోయి ఇంకా అరగంట కాలేదు. అక్కడ ఏడుస్తున్నారు, బర్మామైన్స్ సందులో ఉన్న తెలుగువాళ్ళంతా ఒక్కొక్కరే వస్తున్నారు, వచ్చిన ప్రతివాళ్ళూ గుమ్మంలో చెప్పులు విడుస్తూ భార్య ఏదీ అని అడుగుతున్నారు, ఆమెకు వినబడుతోంది. భార్య ఇక్కడుంది. భార్య ఒళ్ళో అతని మంచం మీంచి లాగిన దుప్పటి మడత పెట్టుకుని గ్లాసుకు కాపలా కూర్చుంది. ఫాదర్ కుజూర్‌కి ఫోన్ చేస్తే ఆయన ఆదిత్యపూర్‌లో చావుబతుకుల్లో ఉన్న ఎవరికో అవస్థ అభ్యంగనం ఇస్తున్నారు, గొంతు తగ్గించి, "సాఫ్ పానీ మే రఖ్ దీజియే, గల్‌నే దీజియే. అకేలా మత్ ఛోడియేగా," అన్నారు. మంచి నీళ్ళలో వెయ్యమన్నారు, కరగనివ్వమన్నారు, ఒంటరిగా వదలొద్దన్నారు. ఐదింటికల్లా వస్తానన్నారు. మనిషి పోయాడని అప్పటికి ఆమె ఆయనకు చెప్పలేదు. దివ్యసత్ప్రసాదం కింద పడింది ఫాదర్, అని మాత్రమే చెప్పింది. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది, రెండో సంగతి చెప్పలేదని. మళ్ళీ చేసి చెప్పింది.

ఒంటరిగా వదలకూడదు. ఆ మాట ఎవరూ చెప్పక్కర్లేదు ఆమెకు. పంతొమ్మిదేళ్ళుగా ఏసుప్రభువు గుడిలో పీఠం పని ఆమెదే, గిన్నెలు తోమడం, వస్త్రాలు ఉతకడం, సత్ప్రసాదం ఉంచే మందసం ముందు ఎర్రదీపం ఆరకుండా చూడటం. పాత్ర తుడిచిన గుడ్డల్ని ముందు విడిగా నానబెట్టి, ఆ మొదటి నీళ్ళను గుడి వెనకగదిలో ఉన్న చిన్న తొట్టిలో పొయ్యాలి, దాని గొట్టం మురుగుకాలవలోకి పోదు, తిన్నగా మట్టిలోకి పోతుంది. కంటికి ఆనని తునక ఆ గుడ్డలో ఉండిపోయినా అది క్రీస్తు శరీరమే, దాన్ని ఎవరూ తొక్కకూడదు. పూజలో సత్ప్రసాదపు అప్పం ఇచ్చేటప్పుడు ఆమె కళ్ళు జనం మొహాల మీద ఉండవు, వాళ్ళ అరచేతుల మీద, గడ్డాల కింద, నేల మీద ఉంటాయి. చిన్నప్పుడు టెక్కలి దగ్గర ఊళ్ళో అమ్మ చెప్పేది, పంటితో కొరకకు, నాలిక మీద ఉంచు, దానంతటదే కరుగుతాది, అప్పుడు మింగు. ఆరేళ్ళ పిల్ల నోరు మూసుకుని, ఊపిరి కూడా ముక్కుతో తీస్తూ, దేవుడు కరిగేదాకా గోడవారన నిలబడేది. కరగడం అంటే అప్పుడు ఆయన లోపలికి రావడం. ఇప్పుడు ఈ గ్లాసులో కరగడం అంటే వెళ్ళిపోవడం. రొట్టె రూపం ఉన్నంతవరకే ఆయన అందులో ఉంటాడు, రూపం పోయాక అవి ఉత్త నీళ్ళు, ఫాదర్ కుజూర్ కంటే ముందున్న ముసలి ఫాదర్ ఆమెకు శ్రద్ధగా నేర్పిన పాఠం అది. అంటే ఆమె ఇప్పుడు ఒకరు వెళ్ళిపోవడం చూస్తూ కూర్చుంది. ఇంత జాగ్రత్తగా, రెప్ప వెయ్యకుండా. పక్కగదిలో వెళ్ళినవాణ్ణి చూడలేదు.

చూడలేదు. అదీ మాట. వెనక్కి తిప్పి ఎటునుంచి పట్టుకున్నా అక్కడికే వస్తోంది, పద్మకుమారి దాన్ని పక్కకు నెట్టి వేరే వాటిని తెచ్చుకుంటోంది. సైకిలు. గుడి గేటు బయట సైకిలు స్టాండు వేసి, క్యారియర్ మీద కూర్చుని, అరచేతిలో ఖైని నలుపుకుంటూ పూజ అయ్యేదాకా ఉండే శివశంకర్. హిందువుల అబ్బాయి, ఇచ్ఛాపురం వైపువాళ్ళు, ఆదిత్యపూర్‌లో లేతు మెషిన్ మీద పని, మీ గుడికి నేను రాను గాని నిన్ను దింపుతాను అన్నాడు పెళ్ళప్పుడే, ఇరవయ్యారేళ్ళు ప్రతి ఆదివారం దింపాడు. లోపలికి రమ్మని ఆమె ఒక్కసారీ అడగలేదు. అడిగితే వస్తాడని భయం, తనకోసం వస్తాడని. లాక్‌డౌన్‌లో గుడి మూసేస్తే దీపంలో నూనె పొయ్యడానికి ఆమె రోజూ వెళ్ళేది, అప్పుడు మాత్రం రోడ్డు మీద పోలీసులుంటారని అతను లోపలి దాకా వచ్చాడు. బెంచీలన్నీ ఖాళీ. అతను వెనక నిలబడి మందసం వైపు చూసి, "రోజంతా ఒక్కడే ఉంటాడేటి ఇక్కడ?" అన్నాడు. ఉంటాడని చెప్పింది. "అయితే నువ్వు తుడుసుకో, నానిక్కడ కూకుంటాను," అని మొదటి బెంచీలో కూర్చున్నాడు, ఎవరింటికో పలకరింపుకి వెళ్ళినట్టు, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని. యాభై రోజులు అలా కూర్చున్నాడు. అది నమ్మకమా, మర్యాదా? ఆమె చీపురుతో బెంచీల మధ్య తిరుగుతూ అతని వీపు చూసేది. అడిగుండాల్సింది. మామూలు రోజుల్లో అతను పని నుంచి తిరిగొచ్చాక వేళ్ళలో దిగిన ఇనప రజను సూదితో తీసేది, ఏ కొనలో ఎంత సన్నది ఉన్నా ఆమె కంటికి దొరికేది, సదవకుండానే డాక్టరయిపోయినావు అని నవ్వేవాడు. ఆ కళ్ళే. ఆ కళ్ళే ఇవాళ ఆమెను దుప్పటి మీదికి వంచాయి.

రెండేళ్ళ కిందట నాలుక పక్కన పుండు. ఖైని పెట్టుకునే వైపే. కోశారు, కరెంటు పెట్టారు, మళ్ళీ వచ్చింది, గొంతులోకి దిగింది. మాట పోయాక కూతురు తనూజ స్కూల్లో వాడిన పాత నోటుబుక్కులో రాసేవాడు. కూతురికి హిందీలో, భార్యకు వంకర తెలుగులో. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం రాసి చూపించాడు: నీ పక్కన నన్ను పాతనిస్తారా. ఆమెకు అర్థం కాలేదు. గుడివాళ్ళ సమాధుల తోటలో ఆమె స్థలం, ఆమె పోయాక. అతను నది ఒడ్డున కాలి బూడిదైపోతే ఆమె ఒక్కతే అక్కడ ఉండాలి గదా, అదీ అతని లెక్క. జ్ఞానస్నానం తీసుకుంటే ఇస్తారు అంది, అని నాలుక కరుచుకుంది. అతను తల ఊపాడు. ఫాదర్ కుజూర్ ఆరు వారాలు వచ్చి మంచం పక్కన కూర్చుని హిందీలో పాఠం చెప్పారు. ఆఖరున చిన్న అప్పం చూపించి, ఇది ఏసుప్రభువని నమ్ముతున్నావా అని అడిగారు. అతను నోటుబుక్కులో రాశాడు, ఈమె నమ్ముతుంది అని. ఫాదర్ నవ్వి, మరి నువ్వు అన్నారు. నేను ఈమెను నమ్ముతాను, అని రాశాడు. ఫాదర్ ఆ కాగితాన్ని మళ్ళీ ఒకసారి చదివి, అతని నుదుటి మీద నీళ్ళు పోశారు. ఆ రోజంతా అత్తగారు నూకమ్మ అన్నం ముట్టలేదు. కొడుకును కాల్చనివ్వరు, నీళ్ళలో కలపనివ్వరు, మట్టిలో పెడతారు. ఆవిడ తులసికుండీ దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం పూజ అయ్యాక ఫాదర్ ఇచ్చిన చిన్న ఇత్తడి డబ్బీలో సత్ప్రసాదం పెట్టుకుని, డబ్బీని సంచీలో, సంచీని మెడలో వేసుకుని, దారిలో ఎవరితోనూ మాట్లాడకుండా ఆటోలో వచ్చేది. అందులోంచి గింజంత తుంచి అతని నాలుక మీద పెట్టి, చెంచాతో ఒక చుక్క నీళ్ళు, మిగతాది తను తీసుకునేది. కడుపులోకి గొట్టంతో పాలు పోస్తున్న మనిషికి నోటి ద్వారా పోయేది ఆ గింజ ఒక్కటే. ఇవాళ పదిరోజుల నుంచీ లేనంత తెలివిగా ఉన్నాడు. ఎండ, ఫ్యాను వేడిగాలి తిప్పుతోంది, బయట గూడ్సుబండి సాగి సాగి పోతోంది. తనూజ అటుపక్క, నూకమ్మ కాళ్ళ దగ్గర. పద్మకుమారి పరలోక జపం చెప్పి, తుంచి, పెట్టింది, మిగతాది తను తీసుకుంది. అతను నోరు మూశాడు. కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. ఒక్క క్షణం. తర్వాత నాలుక ముందుకొచ్చింది, దగ్గు, ఉమ్మి, ఎర్రటి చార, తెల్లటిది పెదవి మీంచి జారి దుప్పటి మీద పడింది. తను పెట్టినంత లేదు. సగమే ఉంది. ఆమె దాన్ని వేలి కొసతో తీసి డబ్బీలో పెట్టింది. రెండో సగం ఏది? పువ్వుల దుప్పటి, పువ్వుల మధ్య తెలుపు. మెడ కింద చూసింది, చొక్కా మడతలో చూసింది, వంగి, మొహం దుప్పటికి ఆనేంత వంగి, అంగుళం అంగుళం చూసింది. ఎంతసేపు? రెండు పరలోక జపాలంత. మూడేమో. దొరికింది, దిండు అంచున. దాన్ని తీసి డబ్బీలో పెట్టి, హమ్మయ్య అనుకుని తలెత్తింది. అతని కళ్ళు ఆమె వైపు లేవు, ఎటు వైపూ లేవు.

"ఒలే పద్మా." నూకమ్మ వంటింటి గుమ్మంలో నిలబడింది. చేతిలో నాలుగు తులసాకులు. "సెంబేదీ? ఆడి నోట్లో సుక్క నీల్లు పొయ్యాల."

"బిందె దగ్గరుంది, అత్తా."

ముసలావిడ కళ్ళు సరిగా కనపడక, ఎదురుగా ఉన్న గ్లాసు మీదికే చెయ్యి చాపింది. పద్మకుమారి రెండు చేతులతో గ్లాసును పొట్టకు అదుముకుంది. నీళ్ళు తొణికి గుడ్డ తడిసింది. ఆమె గొంతు తనకే కొత్తగా వినబడింది. "ముట్టుకోకు."

పక్కగదిలో ఏడుపు ఒక్కసారి ఆగింది. నూకమ్మ చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "ఏటుందే అందులో?"

"దేవుడున్నాడు అత్తా."

నూకమ్మ గ్లాసు వైపు చూసింది. వెటకారం లేదు ఆ చూపులో, నిజంగా వెతికింది. "దేవుడు ఈ గదిలో నీ కాడ ఉంటే, ఆ గదిలో నా కొడుకు కాడ ఎవులున్నారే?" అంది. తర్వాత గోడ పట్టుకుని బిందె దాకా నడిచి, చెంబు ముంచుకుని, నీళ్ళలో ఆకులు వేసుకుని వెళ్ళిపోయింది. పోసుకోనీ, అనుకుంది పద్మకుమారి, కన్నతల్లి, పోసుకోనీ, అయినా నేను అక్కడుంటే వద్దనేదాన్నా, అనేదాన్నేమో, అందరూ చూస్తుండగా ఆ ముసలిదాని చెయ్యి పట్టుకుని ఆపేదాన్నేమో, ఆ నోట్లో ఇంకా తునక ఉందేమో అని.

ఆ నోట్లో. ఎందుకు బయటికి నెట్టాడు? మింగలేక నెట్టాడా, వద్దని నెట్టాడా? మూడు నెలలుగా నీకోసం పుచ్చుకున్నాను, ఇంక చాలు, పోయేటప్పుడు నన్ను నన్నుగా పోనియ్యి, అని నెట్టాడా? ఆ ఒక్క క్షణం ఆమెను చూసిన చూపులో ఏముంది? ఆమె ఆ చూపును తెచ్చుకుందామని కళ్ళు మూసుకుంటే దుప్పటి మీది పువ్వులే కనిపిస్తున్నాయి, నీలం పువ్వు, పక్కన ఆకు, ఆకు పక్కన తెలుపు. ఇరవయ్యారేళ్ళు చూసిన మొహం రావడం లేదు. ప్రభువా, అంది. ఆ పిలుపు గ్లాసు దాకా కూడా వెళ్ళలేదు. పంతొమ్మిదేళ్ళలో ఎప్పుడూ ఇలా లేదు. బట్టలు ఉతుకుతున్నా, నేల తుడుస్తున్నా, వెనకాల ఎవరో ఉన్నట్టు ఉండేది, తిరిగి చూడక్కర్లేనంత దగ్గరగా. ఇప్పుడు అరచేతుల మధ్య పట్టుకుని ఉంది, ఎవరూ లేరు. నీళ్ళు, తడిసిన పిండి. అలా అనుకున్నందుకు క్షమించమని అడగబోయింది, ఎవర్ని అడగాలో తెలియలేదు. అయినా లేవలేదు. లేకపోతే లేకపోయాడు, ఉంటే, ఒక్కడే ఉంటాడు గదా.

గుడ్డ ఎత్తి చూసింది. అడుక్కి దిగిన నలుసు ఉబ్బి, అంచులు చెదిరి, పాలచుక్క విరిగినట్టు అయింది. చూస్తుండగానే అది అదేనని చెప్పలేకుండా పోయింది. నీళ్ళ మధ్యలోది అలాగే ఉంది. గ్లాసును కిటికీ వైపు తిప్పింది. అలాగే ఉంది. ఎండ వెలుగులో దాని చుట్టూ సన్నటి వెంట్రుకలు, పీచు. పద్మకుమారి చాలాసేపు చూసింది. మెడ దగ్గర కట్టు మార్చినప్పుడు తనూజ చింపిన దూది. కరగదు అది. రేపటికీ కరగదు. దిండు అంచున ఆమెకు దొరికింది దూదిపింజ.

అయితే రెండో సగం లేనే లేదు దుప్పటి మీద. లోపలికి వెళ్ళింది. మింగాడు. ఆ కాస్తా అతను మింగాడు, లేదా గొంతులో ఉంది, ఎలాగైనా అతను పుచ్చుకునే పోయాడు. సంతోషించాల్సిన మాట. ఆమె ఆ మాటను చేతిలోకి తీసుకుని చూసింది, సంతోషం ఎక్కడా తగల్లేదు. లేనిదాని కోసం వంగింది. ఉన్నవాడు పోతుంటే, లేనిదాని కోసం.

తనూజ వచ్చింది. సాక్చీలో బట్టల షాపులో పనిచేసే పిల్ల, అదే యూనిఫారమ్ చొక్కాతో ఉంది పొద్దుట్నుంచీ. మొహం కడుక్కుని వచ్చినట్టుంది, జుట్టు తడిగా ఉంది. "మమ్మీ, అందర్ ఆవో నా. సబ్ పూఛ్ రహే హై." లోపలికి రమ్మంది, అందరూ అడుగుతున్నారంది.

"ఫాదర్ రానియ్యే. ఇచ్చీసి వత్తాను."

పిల్ల వెళ్ళలేదు. నేల మీద కూర్చుని తల్లి ఒళ్ళో ఉన్న దుప్పటి అంచు పట్టుకుంది. "ఏక్ బాత్ బోలూ?" అంది, ఒక మాట చెప్పనా అని. పద్మకుమారికి వద్దనాలనిపించింది. "పాపా ఆప్‌కా హాథ్ ఢూండ్ రహే థే."

నాన్న నీ చెయ్యి వెతుక్కున్నారు. నువ్వు దుప్పటి మీద ఉన్నావు. ఇలా, ఇలా వెతుక్కున్నారు అని తనూజ అరచెయ్యి దుప్పటి మీద పాకించి చూపించింది, నెమ్మదిగా, గుడ్డివాళ్ళు తడుముకున్నట్టు. "మైనే పకడ్ లియా థా," అంది, నేను పట్టుకున్నాను. "ఛుడా లియా. ఫిర్ సే ఢూండ్‌నే లగే." విడిపించుకున్నారు. మళ్ళీ వెతకడం మొదలుపెట్టారు.

"నన్ను పిలవలేదేటే?" అంది పద్మకుమారి.

"ఆప్ ఢూండ్ రహీ థీ నా," అంది తనూజ. నువ్వు వెతుకుతున్నావు గదా. చిన్నప్పుడు గుడిలో, ఈ మూడు నెలలూ ఇంట్లో, అమ్మ సత్ప్రసాదం పనిలో ఉన్నప్పుడు పిలవకూడదని నేర్చుకున్న పిల్ల.

ఫాదర్ కుజూర్ వచ్చేసరికి ఐదున్నరైంది, ఖర్కాయీ వంతెన మీద లారీలు ఆగిపోయాయట. ముందు పక్కగదికి వెళ్ళి ప్రార్థన చేశారు, హిందీలో, నెమ్మదిగా, శివశంకర్‌ని జ్ఞానస్నానం పేరుతో జోసెఫ్ అని పిలుస్తూ. ఆ పేరు పక్కింటివాళ్ళెవరికీ తెలియదు, ఎవరి కోసం చేస్తున్నారోనని మొహాలు చూసుకున్నారు. తర్వాత వంటింట్లోకి వచ్చి గ్లాసు ముందు మోకరించబోయి, లోపలికి చూసి, ఆగిపోయారు. పద్మకుమారి లేచి నిలబడి ఉన్నదున్నట్టు చెప్పింది, హిందీలో, పనిచేసే చోట పొరపాటు ఒప్పుకున్నట్టు. పడింది, ఒకటి దొరికింది, రెండోదని దూది ఏరాను, ఆ టైములో పోయాడు, నా చెయ్యి వెతుక్కున్నాడట, నేను చూడలేదు.

ఆయన ముప్పై అయిదేళ్ళ మనిషి. గుమ్లా దగ్గర అడవిలో పల్లె, తండ్రి పోయినప్పుడు సెమినరీలో పరీక్ష రాస్తున్నానని ఒకసారి చెప్పారు. గ్లాసును వెలుగుకు పట్టి చూసి, కింద పెట్టి, "ఆప్‌నే ఠీక్ కియా," అన్నారు. మీరు సరిగ్గా చేశారు.

ఆమె ఆయన మొహంలోకి చూసింది. తప్పు చేశావని అంటే ఫాదర్ ముందు పాపం ఒప్పుకునే పాపసంకీర్తనం ఉంది, ప్రాయశ్చిత్తం ఉంది, ఎన్ని జపమాలలైనా చెప్పుకునేది, మోకాళ్ళ మీద గుడి చుట్టూ తిరిగేది. సరిగ్గా చేసిన దానికి ఏం చెయ్యాలి? అదే అడిగింది ఆయన్ని. ఫాదర్ కుజూర్ చేతులు కడుక్కుని, నీళ్ళను దూదితో సహా తను తెచ్చిన సీసాలోకి వంపి, గ్లాసు రెండుసార్లు తొలిచి ఆ నీళ్ళూ పోసి, మూత బిగించారు. దుప్పటి కూడా అడిగారు, మొదటి నీళ్ళు గుడి తొట్టిలో పోసి పంపిస్తానని. ఆమె ఇచ్చింది. ఖననం రేపు పదింటికి అన్నారు. స్కూటర్ వీధి మలుపు తిరిగే శబ్దం వినబడేదాకా పద్మకుమారి వంటింట్లోనే నిలబడింది. చేతుల్లో ఏమీ లేదు, కాయడానికి ఏమీ లేదు, ఇక వెళ్ళకుండా ఉండటానికి కారణం ఏదీ మిగల్లేదు.

వెళ్ళింది. ఆడవాళ్ళు జరిగి దారి ఇచ్చారు. శివశంకర్‌కి మొహం తుడిచి, దవడకు గుడ్డ కట్టారు. పెదవుల చివర తులసి నీళ్ళు ఆరిన మరక. నూకమ్మ తల దగ్గర కూర్చుని ఈగలు తోలుతోంది. పద్మకుమారి కుడిపక్కన కూలబడి, అతని చేతి కోసం చూసింది. అరచెయ్యి పైకి తిరిగి, వేళ్ళు సగం ముడుచుకుని ఉన్నాయి. తన వేళ్ళను వాటి మధ్యకు పోనివ్వాలని చూసింది. పోలేదు. చిటికెన వేలు పట్టుకుని కొంచెం లాగింది, తర్వాత ఇంకొంచెం. ఎండు కొమ్మలా బిగుసుకుని ఉంది. ఎవరో ఆడమనిషి అయ్యో అని ఆమె భుజం పట్టుకుంది. ఆమె విదిలించుకుంది, రెండో చెయ్యి కూడా వేసి లాగింది.

"ఒగ్గీయే," అంది నూకమ్మ. ఈగలు తోలడం ఆపలేదు. "నానూ సూసినాను ఆడు ఎతకడం. నా సెయ్యి ఇచ్చినా పుచ్చుకోలేదు."

పద్మకుమారి వదల్లేదు. చీకటిపడి, పెట్టె తెచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడి కొంచెం తప్పుకోండమ్మా అనేదాకా, ఆ వేళ్ళను ఒక్కొక్కటే విప్పాలని చూస్తూనే ఉంది.